11వ తరగతిలో చేరాను, యూనివర్సిటీ అప్లికేషన్ల కోసం ఇప్పటినుంచే ఏం చేయాలి?

నీ ప్రశ్న క్లుప్తంగా: "ఈమధ్యే 11వ తరగతిలో చేరాను. డిగ్రీకి అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ అప్లై చేయాలని ఉంది. అప్లికేషన్లు 12లో కదా, ఇప్పుడే చేయాల్సింది ఏమైనా ఉందా? నా ఫ్రెండ్స్ అందరూ పోటీలు, ఆన్‌లైన్ కోర్సులు, వాలంటీర్ సర్టిఫికెట్లు పోగేస్తున్నారు. నా దగ్గర ఒక్కటీ లేదు. చాలా టెన్షన్‌గా ఉంది."

నేను 16 ఏళ్ళుగా హైస్కూల్ చివరి రెండేళ్ళ పిల్లలకు గణితం చెబుతున్నాను. వాళ్ళ యూనివర్సిటీ అప్లికేషన్ల పని కూడా మా స్కూల్లో నేనే చూస్తాను. నా క్లాసులో కూర్చునే పిల్లల వయసే నీది కాబట్టి నువ్వు అనే అంటున్నాను, ఏమనుకోకు.

ముందు సూటిగా జవాబు. ఈ ఏడాది నువ్వు చూసుకోవాల్సినవి మూడే: క్లాసు మార్కులు, నీకు నిజంగా ఇష్టమైన ఒకటి రెండు పనులు, నిన్ను బాగా ఎరిగిన ఇద్దరు టీచర్లు. ఫారాలు, ఎస్సేలు, డెడ్‌లైన్లు వచ్చే ఏడాది చూసుకోవచ్చు. ఆ మూడు మాత్రం వచ్చే ఏడాది సంపాదిద్దామన్నా దొరకవు. సర్టిఫికెట్లు లేవన్న దిగులు ఈ రోజుతో వదిలెయ్. ఎందుకంటున్నానో చెబుతాను.

అమెరికాలో చాలా కాలేజీలకు కామన్ యాప్ అనే ఒకే ఫారంతో అప్లై చేస్తారు. 1975లో 15 కాలేజీలతో మొదలైన ఏర్పాటు ఇది, ఇప్పుడు వెయ్యికి పైగా ఉన్నాయి. అందులో చదువు కాకుండా నువ్వు చేసే పనులు రాసే చోట గరిష్ఠంగా 10 గళ్ళు ఉంటాయి. ఒక్కో పని గురించి వివరంగా రాయడానికి ఇచ్చేది 150 అక్షరాలు, ఖాళీలతో కలిపి. వాక్యాలు కాదు, మాటలు కాదు, అక్షరాలు. అంటే రెండు మూడు చిన్న వాక్యాలు, అంతే. సర్టిఫికెట్ స్కాన్ చేసి పెట్టే చోటు ఆ గళ్ళలో లేదు.

కొన్నేళ్ళ కిందట ఒకమ్మాయి 11వ తరగతి చివర్లో ఒక లావాటి ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ప్లాస్టిక్ కవర్లలో వరసగా 26 సర్టిఫికెట్లు. ఒక్కొక్కటే తీసి "ఇందులో నువ్వేం చేశావమ్మా?" అని అడుగుతూ వచ్చాను. నాలుగోదానికే నీళ్ళు నమలడం మొదలుపెట్టింది. రెండు గంటల వెబినార్, ఒక పూట ర్యాలీ, పేరు నమోదు చేసుకుంటే చాలు ఇచ్చేసిన పోటీ. ఫైలు మూసేసి, స్కూలు అయ్యాక ఇంటికెళ్ళి ఏం చేస్తావని అడిగాను. "తమ్ముడికి లెక్కలు చెప్తాను సార్. వాడికి డిస్లెక్సియా. 6కీ 9కీ తేడా పట్టుకోలేడు. అందుకని అంకెలకు రంగులేసి కార్డులు చేశాను" అంది. ఎన్ని చేశావంటే, మూడొందల దాకా ఉంటాయంది. ఏ రంగు పనిచేసింది, ఏది చేయలేదు అన్నది కూడా ఒక నోట్‌బుక్‌లో రాసుకుందట. రెండేళ్ళుగా రోజూ గంట సేపు చేసిన ఆ పని అప్లికేషన్‌లో రాయొచ్చని ఆ పిల్లకు తట్టనే లేదు.

కామన్ యాప్‌లో కుటుంబ బాధ్యతలకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. జీతానికి చేసే ఉద్యోగానికీ ఉంది. ఇంట్లో ముసలివాళ్ళను చూసుకోవడం, చిన్నవాళ్ళను స్కూలు నుంచి తీసుకురావడం, దుకాణంలో కూర్చోవడం, ఇవన్నీ పనులే. మొదటిసారి ఆ అమ్మాయి "కుటుంబ సభ్యులకు చదువులో సహాయం చేస్తాను" అని రాసింది. నాలుగుసార్లు తిరగరాశాక "డిస్లెక్సియా ఉన్న తమ్ముడికి రోజూ గంట లెక్కలు. రంగు అంకెల కార్డులు 300 చేశాను. ఏది పనిచేసిందో రాసిపెట్టాను" అయింది. రెండూ ఒకే పని గురించి. మొదటిది ఎవరైనా రాయగలరు, రెండోది ఆ పిల్ల తప్ప ఇంకెవరూ రాయలేరు. 26 సర్టిఫికెట్లలో ఆఖరికి ఫారంలోకి వెళ్ళింది రెండే.

కాబట్టి ఈ రోజే ఒక నోట్‌బుక్ మొదలుపెట్టు. వారానికి నాలుగైదు లైన్లు చాలు: తేదీ, ఏం చేశాను, ఎంతసేపు పట్టింది, ఏది అనుకున్నట్టు జరగలేదు. ఫారంలో ప్రతి పనికీ వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతారు. అప్పుడు గుర్తు తెచ్చుకుని కాకి లెక్కలు వేయాల్సిన అవసరం ఉండదు. అంతకన్నా ముఖ్యం, ఎస్సేకి కావాల్సిన చిన్న చిన్న వివరాలు అందులోనే దొరుకుతాయి. ఏడాది తర్వాత "రంగు కార్డులు చేశాను" అన్నది గుర్తుంటుంది. "పసుపు రంగు వాడితే తమ్ముడు కళ్ళు చిట్లించాడు" అన్నది గుర్తుండదు.

మార్కుల సంగతి. బోరు కొట్టే విషయమే, అయినా అన్నిటికన్నా బరువైనది ఇదే. అమెరికా కాలేజీలు 9వ తరగతి నుంచి నీ మార్కులన్నీ చూస్తాయి. 12వ తరగతి సగంలో వచ్చిన మార్కులు కూడా స్కూలు విడిగా పంపాలి. బ్రిటన్‌లో పద్ధతి వేరు. అక్కడ యూకాస్ అనే సంస్థ ద్వారా దాదాపు అందరూ అప్లై చేస్తారు. అప్లికేషన్ వెళ్ళే సమయానికి నీ ఫైనల్ పరీక్షలు ఇంకా అయివుండవు కాబట్టి, ఫైనల్‌లో ఎంత వస్తుందో స్కూలు అంచనా వేసి రాస్తుంది. ఆ అంచనా దేన్ని చూసి వేస్తాం? నీ 11వ తరగతి పరీక్షలు చూసే. 12లో చూసుకుందాం అని 11ని వదిలేసిన పిల్లలకు నేను మంచి అంచనా ఎలా రాయగలను? రాయాలని ఉన్నా రాయలేను, అబద్ధం అవుతుంది.

ఇంకొకటి. తేలిక సబ్జెక్టులు తీసుకుని నూటికి నూరు తెచ్చుకోవడం కన్నా, నువ్వు చదవబోయే కోర్సుకు అవసరమైన కష్టమైన సబ్జెక్టు తీసుకోవడం మేలు. ఇంజనీరింగ్ కావాలనుకుంటూ భయంతో గణితం వదిలేసిన పిల్లలు ఆ తర్వాత బాధపడటం చూశాను. సబ్జెక్టులు మార్చుకునే వీలు ఇంకా ఉంటే, ఈ నెలలోనే యూనివర్సిటీల వెబ్‌సైట్లలో ప్రవేశ అర్హతలు చదువు.

టీచర్ల లెటర్లు, అంటే నీ గురించి కాలేజీకి టీచర్లు రాసే సిఫారసు లేఖలు. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఆ లెటర్లు రాసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఒక ఏడాది క్లాసు ఫస్ట్ వచ్చే అబ్బాయి అక్టోబరు చివర్లో వచ్చి లెటర్ అడిగాడు. డెడ్‌లైన్ ఇంకో ఆరు రోజులుంది. సరేనన్నాను. రాత్రి కూర్చుంటే గంట గడిచినా పేజీ ఖాళీగానే ఉంది. ఆ అబ్బాయికి వచ్చిన మార్కులు నాకు తెలుసు, అవి కాలేజీకీ తెలుసు. రెండేళ్ళలో నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. అదే ఏడాది క్లాసులో పదో స్థానంలో ఉండే ఇంకో అమ్మాయికి అరగంటలో పేజీన్నర రాశాను. ఒకసారి బోర్డు మీద నేను చేసిన రుజువులో ఒక మెట్టు ఆమెకు నచ్చలేదు. మూడు రోజుల తర్వాత చిత్తు కాగితం తెచ్చి "సార్, ఈ సంఖ్య సున్నా అయితే మీరు చేసిన భాగహారం చెల్లదు కదా" అంది. చెల్లదు మరి. ఆ కాగితం మడతలతో సహా నాకు కళ్ళకు కట్టినట్టుంది, అదే లెటర్‌లో రాశాను.

అంటే టీచర్ల చుట్టూ తిరగమని కాదు. అర్థంకానిది అడుగు, తప్పు పోయినదాన్ని దిద్దుకుని చూపించు. 11లో పాఠం చెప్పిన టీచర్లను 11 చివర్లోనే అడుగు, సెలవులకు ముందే. అడిగేటప్పుడు "నాకు బలమైన లెటర్ రాయగలరా?" అని అడుగు. ఎవరైనా కాస్త తటపటాయిస్తే నొచ్చుకోకుండా ఇంకొకరిని అడుగు. ఒప్పుకున్నాక వాళ్ళ క్లాసులో నీకు గుర్తున్న రెండు మూడు సందర్భాలు అరపేజీలో రాసివ్వు. మాకూ మతిమరుపు ఉంటుంది, నూట ముప్ఫై మంది పిల్లలు ఉంటారు. ఆ లెటర్ చదివే హక్కు వదులుకుంటావా అని అమెరికా ఫారంలో ఒక ప్రశ్న వస్తుంది. వదులుకుంటానని పెట్టడమే మంచిది. విద్యార్థి చూడరని తెలిస్తే, టీచర్ మనసులో మాట రాశారని కాలేజీ నమ్ముతుంది.

ఇక పరీక్షలు. అమెరికా కాలేజీల ప్రవేశాలకు రాసే శాట్ పరీక్ష ఇప్పుడు కంప్యూటర్ మీదే, 2 గంటల 14 నిమిషాలు, 1600 మార్కులకు. ఖాన్ అకాడమీ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ప్రాక్టీస్ చేసుకోవచ్చు. 11 రెండో సగంలో ఒకసారి రాయి, అవసరమైతే 12 మొదట్లో ఇంకోసారి. రెండు, మహా అయితే మూడుసార్లు. అంతకుమించి దానికోసం చదువు పాడు చేసుకోకు. అందరికీ అక్కర్లేదు కూడా: కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం క్యాంపస్‌లు ప్రవేశాల్లో ఆ స్కోరు చూడనే చూడవు. ఎంఐటీ మాత్రం 2022లో మళ్ళీ తప్పనిసరి చేసింది. ప్రతి కాలేజీ నియమం దాని సొంత వెబ్‌సైట్‌లోనే చూడు, ఫ్రెండ్ చెప్పాడని నమ్మకు. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ లాంటి ఇంగ్లిష్ పరీక్షల స్కోర్లు రెండేళ్ళే చెల్లుతాయి. 11 మొదట్లోనే రాసేస్తే చేరే సమయానికి గడువు తీరిపోవచ్చు, తొందరపడకు.

ఎస్సే దగ్గర అమెరికా, బ్రిటన్ ఒకటి కావు. నా వల్ల ఒక పిల్లాడికి నష్టం జరిగింది ఇక్కడే, అందుకే గట్టిగా చెబుతున్నాను. కామన్ యాప్ ఎస్సే 250 నుంచి 650 పదాల మధ్య ఉండాలి. నువ్వెలాంటి మనిషివో చెప్పేది అది. ఏ విషయమైనా తీసుకోవచ్చు. యూకాస్‌కు రాసేది, నువ్వు ఆ సబ్జెక్టే ఎందుకు చదవాలనుకుంటున్నావో చెప్పేది. 2026 ప్రవేశాల నుంచి దాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు: ఈ కోర్సు ఎందుకు, ఇప్పటిదాకా చదివిన చదువు నిన్ను దానికి ఎలా సిద్ధం చేసింది, చదువు బయట నువ్వు చేసినవి ఎలా ఉపయోగపడ్డాయి. మూడూ కలిపి 4,000 అక్షరాలు దాటకూడదు, ఒక్కోదానికి కనీసం 350 ఉండాలి.

నా వల్ల నష్టపోయిన ఆ అబ్బాయి గణితం చదవాలనుకున్నాడు. తాతగారితో కలిసి పాత గడియారాలు బాగుచేయడం గురించి కామన్ యాప్‌కు చాలా అందంగా రాశాడు. టైం లేక అదే కొద్దిగా మార్చి బ్రిటన్‌కూ పంపేశాడు. అందులో గణితం గురించి ఉన్నది ఒకే ఒక వాక్యం. పంపే ముందు నేను చదివి ఆపాల్సింది, ఆ వారం పనుల్లో పడి చదవలేదు. ఐదు యూనివర్సిటీల్లో నాలుగు కాదన్నాయి. కారణాలు వాళ్ళు చెప్పలేదు కానీ, గణితం విభాగంలో కూర్చుని చదివేవాళ్ళకు ఆ కాగితంలో పట్టుకోవడానికి ఏమీ లేదని ఇప్పుడు చదివినా నాకు తెలుస్తుంది. అప్పటినుంచి బ్రిటన్‌కు పెట్టే పిల్లలను ఒకటి అడుగుతున్నాను: సిలబస్‌లో లేనిది, నీ సబ్జెక్టులో నీ అంతట నువ్వు చదివింది ఏమిటి? చదివాక నీకు వచ్చిన సందేహం ఏమిటి? దీనికి జవాబు తయారు కావడానికి ఒక ఏడాది పడుతుంది. నీకు ఆ ఏడాది చేతిలో ఉంది.

అమెరికా ఎస్సే విషయంలో నేను తరచూ చేసేది ఒక్కటే: మొదటి పేరా కొట్టేయడం. పిల్లలు ఎవరో గొప్పవాళ్ళ సూక్తితోనో, "చిన్నప్పటినుంచీ నాకు" అనో మొదలుపెడతారు. అసలు విషయం మూడో పేరాలో ఉంటుంది. గడియారాల ఎస్సే కూడా కాలం విలువ గురించి పెద్ద ఉపన్యాసంతో మొదలైంది. అది తీసేస్తే "తాతయ్య నాకు మొదట నేర్పింది, స్ప్రింగ్ ఎగిరిపోకుండా బొటనవేలితో ఎలా పట్టుకోవాలో" అన్న వాక్యం పైకి వచ్చింది. ఒక్కో కాలేజీ తనకు విడిగా ఇంకా చిన్న ఎస్సేలు కూడా అడుగుతుందని మర్చిపోకు. ఎనిమిది కాలేజీలంటే పదిహేను ఇరవై దాకా అవుతాయి. కామన్ యాప్‌లో 20 కాలేజీల వరకు పెట్టనిస్తారు, నేను మాత్రం ఎనిమిది దాటొద్దంటాను. పద్దెనిమిదికి పెట్టిన పిల్లలు చివరి పది ఎస్సేలూ నిద్రకళ్ళతో రాశారు, చదివితే తెలిసిపోతుంది.

డబ్బు తీసుకుని ఎస్సే మొత్తం తామే రాసిస్తామనేవాళ్ళు తగులుతారు. అమ్మానాన్నలు కూడా ప్రేమతో కలం అందుకుంటారు. దయచేసి వద్దు. అది నీ మాట కాకుండా పోతుంది, నీ టీచర్ల లెటర్లతో పొసగదు. పైగా అది నీ సొంత రచనేనని అప్లికేషన్‌లో నువ్వు సంతకం పెట్టాలి.

డబ్బు మాట ముందే ఇంట్లో మాట్లాడాలి. కాలేజీల జాబితా రాసే ముందు, అంటే ఈ ఏడాదిలోనే. ఏడాదికి ఎంత పెట్టగలరో, అప్పు ఎంతవరకు చేయగలరో అమ్మానాన్నలను అడుగు. ఇబ్బందిగానే ఉంటుంది, అడుగు. అమెరికాలో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హెర్స్ట్ లాంటి కొన్ని కాలేజీలు మాత్రమే విదేశీ విద్యార్థులు కూడా ఫీజు కట్టగలరా లేదా అని చూడకుండా ఎంపిక చేసి, అవసరమైన సాయం మొత్తం ఇస్తాయి. వాటిలో సీటు రావడం ఎంత కష్టమో నీకు తెలుసు. మిగతా చాలాచోట్ల విదేశీ విద్యార్థి సాయం అడిగితే అది ఎంపిక మీద ప్రభావం చూపుతుంది.

ఎర్లీ డెసిషన్ అని ఒక పద్ధతి ఉంది. సాధారణంగా నవంబరు 1న గానీ 15న గానీ డెడ్‌లైన్, డిసెంబరు మధ్యలో ఫలితం. సీటొస్తే చేరతానని ముందే మాటిచ్చి అప్లై చేస్తావు, ఒక్క కాలేజీకే. మా స్కూల్లో ఒక కుటుంబం డబ్బు మాట వాయిదా వేసి దీనికి సంతకం పెట్టేసింది. సీటొచ్చింది, వచ్చిన సాయం చాలలేదు. సాయం చాలనప్పుడు ఒప్పందం నుంచి బయటికి రానిస్తారు, వచ్చారు కూడా. కానీ వచ్చిన సీటును ఇంట్లోవాళ్ళంతా కూర్చుని వదులుకున్న ఆ సాయంత్రం గురించి ఆ పిల్ల నాతో చెబుతుంటే వినలేకపోయాను. ఎర్లీ యాక్షన్ అనేది వేరు, అందులో ఈ కట్టుబాటు ఉండదు. రెండిటికీ పేర్లు దగ్గరగా ఉన్నాయి, పొరబడొద్దు.

తేదీల సంగతి ఇప్పుడే బట్టీ పట్టనక్కర్లేదు, ఒక చోట రాసి గోడకు అంటించుకో చాలు. కామన్ యాప్ ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది. యూకాస్‌లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకూ, వైద్యం కోర్సులకూ అక్టోబరు 15 ఆఖరు, మిగతా చాలావాటికి జనవరి మధ్య. మొత్తం ఐదు ఎంపికలే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండిటికీ ఒకే ఏడాది పెట్టడం కుదరదు, ఒకటే. అక్కడ చాలా కోర్సులకు విడిగా ప్రవేశ పరీక్ష ఉంటుంది, దాని రిజిస్ట్రేషన్ ఇంకా ముందే అయిపోతుంది. అది తెలియక ఆగిపోయినవాళ్ళు ఏటా ఉంటారు. అమెరికా సాధారణ అప్లికేషన్లు చాలావరకు జనవరి మొదట్లో, చేరతావో లేదో చెప్పాల్సింది మే 1లోపు. 11కీ 12కీ మధ్య సెలవుల్లో మొదటి ఎస్సే చిత్తుప్రతి అయిపోతే ఈ తేదీలేవీ నిన్ను భయపెట్టవు.

సీటొచ్చాక చదువు వదిలేసేవాళ్ళకూ ఒక మాట. బ్రిటన్ ఇచ్చేది చాలాసార్లు షరతుతో కూడిన సీటు, ఫైనల్‌లో అడిగిన మార్కులు వస్తేనే అది నీది. అమెరికా కాలేజీలు కూడా మార్కులు బాగా పడిపోతే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకోగలవు.

నీ ఫ్రెండ్స్ గురించి రాశావు కదా. వాళ్ళతో పోటీపడి వచ్చే వారం ఇంకో వెబినార్‌లో చేరకు. ఆ రెండు గంటలు నీ సబ్జెక్టులో నీకు నచ్చింది ఏదైనా చదువు, లేదా పడుకో. 11వ తరగతి పిల్లలు రోజుకు ఐదు గంటలు నిద్రపోయి నా క్లాసుకు వస్తున్నారు. ఆ కళ్ళు చూస్తే నాకు భయమేస్తుంది.

ఒక్కటి మాత్రం నువ్వు రాయలేదమ్మా: ఏ సబ్జెక్టు చదవాలనుకుంటున్నావు? ఇంకా తేలకపోయినా పరవాలేదు. అమెరికాలో చాలా కాలేజీలు చేరాక తేల్చుకోనిస్తాయి, బ్రిటన్‌లో మాత్రం కోర్సు ఎంచుకునే అప్లై చేయాలి. అది ఇక్కడ రాస్తే, ఈ సెలవుల్లోపు ఏం చదవాలో, ఏ కోర్సుకు ఏ పరీక్ష ఉందో విడిగా చెబుతాను. స్కూలు అయ్యాక సాయంత్రాలు నువ్వు ఏం చేస్తావో కూడా రాయి.